బండి వచ్చేదాకా తాళం తీయొద్దన్నాను

నాకు రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుందనగా, మాఘమాసంలో, ప్రత్తిపాడుకి అవతల ఒక సెక్షన్‌కి విద్యుత్ శాఖ అసిస్టెంట్ ఇంజనీరుగా, అంటే ఏఈగా, బదిలీ చేశారు. చార్జి తీసుకున్న నాలుగో రోజు ఉదయం రైతులు వచ్చి సబ్‌స్టేషన్ గేటుకి బయటినుంచి తాళం వేశారు. లోపల నేనూ, లైన్‌మన్ ఏడుకొండలూ, షిఫ్టు ఆపరేటరూ ఉన్నాం.

పది వ్యవసాయ మోటార్లకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఆ సీజన్లో మూడోసారి కాలిపోయింది. కాలినదాన్ని దించి, రిపేరు షెడ్డుకి తోలి, మంచిది తెచ్చి బిగించడం రూలు ప్రకారం శాఖ పని, శాఖ బండితో. ఆనవాయితీ వేరు. బండి ఖాళీ లేదంటాం. రైతులే ట్రాక్టరు కట్టి తోలుకొస్తారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ముప్పై ఏళ్లు నేనూ అలాగే అన్నాను.

తాళంచెవి నాగూర్‌బీ కొంగున ఉంది. ఎకరంన్నర కౌలుకు తీసుకుని మిరప వేసిన మనిషి.

"రెండుసార్లు మేమే తోలాం సారూ. ఈసారి తోలం," అంది గేటు అవతలినుంచి. "ఆరు రోజుల్నించి చేనుకి నీళ్లు లేవు. ఇంకో రెండ్రోజులాగితే పూతా పిందే రాలిపోద్ది. అప్పుడు మీరొచ్చి ఏం చేస్తారండీ?"

వెనకనుంచి తలా ఒక మాట. మిర్చికి ధర లేదు, ఎరువు దొరకదు, ఆసుపత్రిలో డాక్టరుండడు, రోడ్డంతా గుంతలు. వాటిలో చాలావరకు నా శాఖకు సంబంధం లేనివే. కానీ వాళ్లకు ఆ పూట చేతికందిన ప్రభుత్వాన్ని నేనే.

పై అధికారి డీఈకి ఫోన్ చేస్తే పోలీసుల్ని పంపుతానన్నారు. నాకు ఒళ్లు మండింది. పోలీసు జీపు దొరికినప్పుడు మన బండి ఎందుకు దొరకదు, అదే పంపండి అన్నాను. చూద్దామని పెట్టేశారు. నేను గేటు దగ్గరికెళ్లి, "బండి వచ్చేదాకా తాళం తీయకమ్మా," అన్నాను. నాగూర్‌బీ నన్ను ఎగాదిగా చూసింది.

"కొరివితో తల గోక్కుంటున్నారు సార్," అన్నాడు ఏడుకొండలు. "నా క్యారేజీ కూడా బయట సైకిలుకే ఉంది."

గంటకోసారి డీఈకి ఫోన్ చేసి, సిబ్బంది ఇంకా లోపలే ఉన్నారని చెబుతూ వచ్చాను. మధ్యాహ్నం రెండు దాటాక శాఖ బండి మంచి ట్రాన్స్‌ఫార్మర్‌తో వచ్చింది. తాళం తీశారు. నాలుగింటికల్లా బిగించాం.

స్విచ్ వేసే ముందు నేనొక షరతు పెట్టాను. అక్కడ ప్రతి మోటారుకీ ఆటో స్టార్టర్ ఉంది. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. తిరిగేటప్పటి కంటే మొదలయ్యేటప్పుడు మోటారు ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. పదీ ఒక్కసారే లాగితే ఏ ట్రాన్స్‌ఫార్మరూ ఆగదు. ఆటోలు తీసేయమన్నాను. తప్పు వాళ్లదేనని ఆ క్షణంలో గట్టిగా నమ్మాను.

"కరెంటు ఎప్పుడొస్తదో మీకే తెలవదు," అంది నాగూర్‌బీ. "చెప్పిన టైముకిస్తే మాకీ ఆటోలు ఎందుకండీ?"

నేను ఆఫీసుకొచ్చి, కరెంటు ఇచ్చిన వేళలు రాసే లాగ్ పుస్తకం తిరగేశాను. ఆ నెలలో ఏ వారమూ చెప్పిన వేళకు ఇవ్వలేదు. సబ్‌స్టేషన్ గోడ మీద సరఫరా వేళలు పెద్ద అక్షరాలతో రాయించి, కింద నా పేరూ ఫోన్ నంబరూ వేయించాను. వేళ తప్పితే మళ్లీ తాళం వేసుకోమన్నాను.

మర్నాడు ఆటోలు తీసేశారు. ఏడుకొండలు గట్టుమీద నిలబడి కేకేస్తుంటే ఒక్కో మోటారూ రెండేసి నిమిషాల తేడాతో మొదలుపెట్టారు. మొదటి వంతు నాగూర్‌బీకిచ్చారు. కొంత పూత అప్పటికే రాలింది. చేను మాత్రం నిలబడింది. నేనున్న రెండేళ్లూ ఆ ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ కాలలేదు.

జనం చేసే తప్పు వెనక చాలాసార్లు శాఖ తప్పిన మాట ఒకటి ఉంటుందని అక్కడ నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ రైతునైనా మందలించే ముందు లాగ్ పుస్తకం చూసుకునేవాణ్ణి. ఆ తాళం ఇంకా ఎందుకమ్మా అని నాగూర్‌బీని ఒకసారి అడిగాను. "గోడమీద రాత ఉన్నన్నాళ్లు ఇదీ నా దగ్గరే ఉంటదండీ," అంది.