అక్క మోసుకొచ్చిన కాయం

మనవాళ్లెవరైనా ఇండియా వెళ్లొస్తున్నారంటే వాళ్ల సూట్‌కేసులో సగం ఊళ్లోవాళ్ల సామానే. మా చర్చిలో అందరికీ అక్క అయిన ఒక నర్సు గుంటూరు నుంచి ఇంగ్లండులో మేముండే స్లౌకి తిరిగొస్తుంటే మా అమ్మా ఒక డబ్బా అంటగట్టింది. అందులో బాలింత కాయం. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు దంచి, బెల్లం, నెయ్యి వేసి ఉడికించిన నల్లటి ముద్ద. నాకు పాప పుట్టి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు.

ఆ ముద్దని చూసి ఎయిర్‌పోర్టులో మాదకద్రవ్యమనుకున్నారు. అక్కని అరెస్టు చేశారు. ఈ దేశంలో నా అనేవాళ్లు లేని మనిషి కదా, మాకు కబురు పెట్టమందట. స్టేషన్లో ఆవిడ తరఫున పెట్టిన లాయరు ఫోన్ చేసి చెప్పాడు. కేసంటూ పడితే ఆవిడ ఉద్యోగం ఏం కావాలి?

"అది మాదండీ, మా అమ్మ చేసింది!" అని ఫోన్లోనే అరిచాను. ఆయన తొణకలేదు. ఆ మాట పోలీసులకు చెప్పాలో వద్దో అక్కే తేల్చుకోవాలన్నాడు. ముద్దని పరీక్షకు పంపారని, కేసు పెట్టకుండా మామూలుగా ఒక రోజుకి మించి ఉంచకూడదని, ఆపైన ఉంచాలంటే పెద్ద అధికారి, ఆ తర్వాత కోర్టు ఒప్పుకోవాలని చెప్పాడు.

మా ఆయన నమ్మలేదు. "మా ఊళ్లో గంజాయి అమ్ముతున్నాడని ఒకణ్ణి పీడీ యాక్టు కింద లోపలేశారు. విచారణా లేదు, పాడూ లేదు. ఏడాదికి బయటికొచ్చాడు" అన్నాడు. ధైర్యం చెప్పమంటే ఇదీ వరస! నాకు ఒళ్లు మండింది.

మర్నాడు, గడువు ఇంకా ఉండగానే అక్కని వదిలేశారు. పరీక్షలో మత్తుమందేదీ తేలలేదు. మా ఆయన ఆవిణ్ణి తిన్నగా మా ఫ్లాట్‌కే తీసుకొచ్చాడు. వస్తూనే చేతులు కడుక్కుని పాపనెత్తుకుంది. సంతోషం పట్టలేక నేను తిట్లు లంకించుకున్నాను.

"మాదని చెప్పొచ్చుగా అక్కా!"

"పెట్టె నువ్వే సర్దావా అంటే అవుననేశానమ్మా. ప్రతిసారీ అదే అంటాంగా. తర్వాత నిజం చెబుదామనుకున్నా. చెబితే మీ ఇంటికొచ్చి నిన్నూ తీసుకెళ్తారేమోనని నోరు మూసుకున్నా."

"తీసుకెళ్తే తీసుకెళ్లారు. నిన్ను అక్కడ కూర్చోబెట్టి నేనిక్కడ ఎట్లా ఉంటాననుకున్నావు?"

"ఒక్క రోజన్నాడుగా లాయరు. నేను ఉండగలను. పాలు లేకుండా ఇది ఉండగలదా?"