మా అన్నం తిన్న విలేకరి

మా నాన్న కళింగపట్నం పక్కన ఒక చిన్న ప్రార్థన మందిరానికి పాస్టరు. పైన రేకులు, నేల మీద చాపలు, అంతే మందిరం. ఆ ఏడు తుఫాను వెళ్ళాక చాలా రోజులు పడవలు కదలలేదు. ఎండబెట్టిన చేపలన్నీ వానకు కుళ్ళిపోయాయి. నాన్న మందిరం ముందు పొయ్యి పెట్టించి, వచ్చినవాళ్ళందరికీ అన్నం, పప్పుచారు వండించాడు. గంగమ్మకు మొక్కేవాళ్ళూ మా పక్కనే కూర్చుని తిన్నారు. నీ దేవుడెవరని ఎవరినీ అడగలేదు.

ఒక మధ్యాహ్నం టీవీ విలేకరి ఒకడు వచ్చాడు. ఆకలేస్తోందన్నాడు. నేనే వడ్డించాను. మారు అడిగి వేయించుకున్నాడు. తిన్నాక ఫోన్‌తో వీడియో తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాటికి అది ఊరంతా తిరిగింది. అన్నం ఎరవేసి మతం మారుస్తున్నారని ఎర్రటి అక్షరాలు. గరిటె పట్టుకున్న నాన్న మొహం చుట్టూ దొంగకు గీసినట్టు ఒక గీత.

అమ్మ దగ్గర ఏళ్ళ తరబడి ఎండుచేపలు కొన్న వ్యాపారి, "ఇప్పుడొద్దులేమ్మా, గొడవలు" అన్నాడు. మా అన్నం తిన్నవాళ్ళలో కొందరు మా గుమ్మం వైపు చూడటం మానేశారు. నాన్న పొయ్యి తీయించేశాడు.

ఆ విలేకరి నాశనం కోరుకున్నాను. మోకరించి మరీ అడిగేదాన్ని: "ప్రభువా, వాడికి మాట పడిపోవాలి. వాడి పెళ్ళాం పిల్లల ముందు వాడి మొహం చుట్టూ కూడా గీత పడాలి." శత్రువును క్షమించమన్న బోధ ఊహ తెలిసినప్పటి నుంచీ విన్నదాన్నే. అప్పట్లో అది చెవికెక్కలేదు. వాడెప్పుడు తడబడతాడా అని పొద్దస్తమానం అదే ఛానల్ పెట్టుకుని కూర్చునేదాన్ని. హత్యలు, అరుపులు, తిట్లు. వాడు కనబడిన రోజు నాకు అన్నం సహించేది కాదు.

కొన్నాళ్ళకు వేరే ఛానల్ అతను మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఆ విలేకరికీ ఇతనికీ పడదట.

"ఆడు వీడియో తీస్తానని వచ్చి నీ సెయ్యి పట్టుకున్నాడని సెప్పమ్మా, సాలు. రేపటికి ఆడి ఉజ్జోగం ఊడతాది" అని మైకు ముందుకు పెట్టాడు.

నేను కోరినదే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నోరు తెరిచాను కూడా. అంతలో నాన్న లోపలి నుంచి వచ్చాడు.

"ఆడు నీ సెయ్యి పట్టుకున్నాడేటమ్మా?"

"లేదు."

"మరి ఏటి సెప్తావు? ఆడు సేసిన పనే నువ్వూ సేస్తావా?"

ఒళ్ళు మండిపోయింది. అయినా మైకు ముందు ఉన్నదున్నట్టే చెప్పాను. "ఆడు మా అన్నం తిని, మా మీద అబద్దం సెప్పినాడు. నా సెయ్యి మాత్రం పట్టుకోలేదు." అతను విసుగ్గా మైకు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట ఎక్కడా ప్రసారం కాలేదు. నేను రెండు మూడు రోజులు నాన్నతో మాట్లాడలేదు.

ఎవరు చెప్పారో ఏమో, ఒకనాడు ఆ విలేకరే మా ఇంటికి వచ్చాడు. "నా పరువు నిలబెట్టినావమ్మా" అని చేతులు జోడించాడు.

"కూసో. భోంచేసి ఎల్దువు గాని" అన్నాను.

కంచంలో అన్నం, చేపల పులుసు వడ్డించాను. ఎదురుగా నా ఫోన్ నిలబెట్టి వాడి వీడియోనే పెట్టాను. సౌండు పూర్తిగా పెంచాను. నాన్నను నిందిస్తున్న వాడి గొంతు ఇల్లంతా నిండింది. వాడి చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"తిను. ఆ రోజు మారు కూడా ఏయించుకున్నావు కదా."

"ఆ హెడ్డింగు ఆఫీసోళ్ళు పెట్టినారమ్మా."

"గొంతు ఎవుడిది?"

వాడు ముద్దను కంచంలో పెట్టేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు జాలి కలగలేదు. ఎన్నాళ్ళకో ప్రాణం లేచి వచ్చినట్టయింది. నాన్నే వచ్చి ఫోన్ ఆపి, వాడి కంచంలో ఇంకో చేపముక్క వేశాడు.

"ఇంక సాల్లేమ్మా. తిననీ" అన్నాడు.

వాడు ఆ వీడియో తీసేశాడు. అది తప్పని మాత్రం ఛానల్లో ఏనాడూ చెప్పలేదు. మరుసటి తుఫానుకు నాన్న మళ్ళీ వంట మొదలుపెట్టాడు, ఈసారి వడ్డనకు గంగమ్మ గుడి వాళ్ళూ వచ్చారు. నేను ఆ ఛానల్ చూడటం మానేశాను. వాడి కోసం ప్రార్థన చెయ్యమని నాన్న అంటే చేస్తున్నాను, పళ్ళు బిగించుకునే. వాడి మీద కోపం ఇంకా పోలేదు. ఆ మాట దేవుడితో కూడా చెబుతున్నాను.