బాయిలర్ పటేల్‌కు వేసిన కుర్చీ

పాతికేళ్ల వయసులో మనిషికి ఎదుటివాళ్ల మనసు తప్ప అన్నీ అర్థమవుతాయి; నాకైతే అది కూడా అర్థమైపోయిందని ఆ రోజుల్లో గట్టి నమ్మకం. ఎనభైల చివర, పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీ పర్సనెల్ డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన నేను, ఒక అమెరికా మనస్తత్వవేత్త మీద పుస్తకం చదివి ఆయన మాయలో పడిపోయాను. ఆయన ముందు వ్యవసాయం చదివి, తర్వాత మతబోధకుడు కాబోయి, చివరికి జీవితమంతా మనుషుల మాటలు వింటూ గడిపాడట. సలహా ఇవ్వడు, తప్పుపట్టడు, వచ్చినవాళ్లను రోగులనడు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్లన్నదే మళ్లీ వాళ్లకు వినిపిస్తాడట. (జీతానికి ఇంతకన్నా సుఖమైన పనుందా!)

సరిగ్గా అప్పుడే బాయిలర్ పటేల్ రాజీనామా ఇచ్చాడు. ఊళ్లో పదెకరాల ఆసామి, ఫ్యాక్టరీలో బాయిలర్ లైసెన్సున్న ఒకే ఒక్కడు. మేనేజర్ నన్ను పిలిచి, "అతను పోతే బాయిలర్ ఆగుతుంది. బాయిలర్ ఆగితే మీ ఉద్యోగమూ ఆగుతుంది" అన్నారు.

నా ఎదురుగా కుర్చీ వేయించాను. పటేల్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కుర్సీ ఏసిన్రేంది సారూ? దండ గుడ తెచ్చిన్రా?"

మా దగ్గర కార్మికుడికి ఆఫీసులో కుర్చీ వేసేది ఒక్కసారే, రిటైరయ్యే రోజున. ఆ సంగతి పుస్తకంలో లేదు. బతిమాలి కూర్చోబెట్టాను.

"కొత్త ఇంజనీరు నన్ను పోరగాండ్ల ముంగట తిట్టిండు."

"కుర్రాళ్ల ముందు తిట్టాడు," అన్నాను, జ్ఞానిలా తలూపుతూ.

"ఇజ్జత్ పోయింది."

"ఇజ్జత్ పోయింది."

"ఇగ నేనుండ."

"ఇక మీరుండరు."

పటేల్ లేచి నిలబడ్డాడు. "ఎక్కిరిస్తున్నవా సారూ? మా మనుమడు గుడ గిట్లనే నేనన్నదే అంటడు. వానికి నాలుగేండ్లు!"

పుస్తకం అక్కడితో అయిపోయింది. నోట్లోంచి నిజం జారింది. "పటేల్ గారూ, మీరు వెళ్తే నా ఉద్యోగం పోతుందండీ. గుంటూరుకి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

పటేల్ మెల్లగా కూర్చున్నాడు. "పోతదంటవా?"

అంతే, అరగంట నేనే మాట్లాడాను: మా నాన్న కోపం, అద్దె గదిలో ఒంటరితనం, మెస్సులో పప్పు. "ఊఁ... మస్తు పరేషానుగున్నవ్" అనడమే తప్ప పటేల్ ఒక్క సలహా ఇవ్వలేదు. ఆఖర్న నా బల్ల మీది రాజీనామా తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ ఇంజనీరు పోరన్ని గుడ గీ కుర్సీల కూసోబెట్టు. వానికి గుడ ఏదో బాధుంటది. వాడు చెప్పేది నేనే ఇంట."

పటేల్‌ను ఆపిన ఘనత నాదేనని తర్వాత చాలా ఏళ్లు చెప్పుకు తిరిగాను, ప్రమోషన్ ఇంటర్వ్యూలో కూడా. ఆయన రిటైరైన రోజు దండ వేసి కుర్చీ చూపించాను. కూర్చోలేదు. దాన్ని నా వైపు జరిపి, "కూసో సారూ, ఇయ్యాలే ఆఖరు. చెప్పుకునేదేమన్నా ఉందా?" అన్నాడు.

ఉంది. కూర్చుని, ఆయన్ను ఆపిన ఘనత నాది కాదన్న దగ్గర్నుంచి మొదలుపెట్టాను.