సోమి పేరు లేని రాయి

భద్రాచలం వెళ్ళొచ్చిన పక్కింటావిడ నిన్న ఇప్పపువ్వు లడ్డూల పొట్లం తెచ్చిచ్చింది. విప్పగానే తియ్యటి, కొంచెం పులిసిన మత్తువాసన వంటింటి నిండా కమ్ముకుంది. ఆ వాసనకు నాకు నోరూరదు. వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు అనిపిస్తుంది.

అయిదో తరగతి దాకా నేను అమ్మమ్మ లచ్చమ్మ దగ్గర పెరిగాను. ఏన్కూరు అవతల, అడవి మొదలయ్యే చోట ఆమె పల్లె. చైత్రం వస్తే తెల్లవారుతుండగానే రాలిన ఇప్పపూలు ఏరుకొచ్చి, వాకిట్లో ఎండబోసి, నువ్వులు కలిపి రోట్లో దంచి ఉండలు కట్టేది. ఆ ఉండలు బుగ్గన పెట్టుకుని నేను చింతపిక్కలతో వామనగుంటలు ఆడేదాన్ని. అమ్మమ్మ మాత్రం ఎప్పుడూ గుమ్మం వైపు మొహం పెట్టి, ఏ క్షణాన్నైనా లేచి పరుగెత్తేదానిలా గొంతుక్కూర్చునే తినేది. ఎందుకో అప్పట్లో నాకు తెలియదు.

ఒకరోజు, ఒకప్పుడు సంఘంలో పనిచేసిన ముగ్గురు ముసలివాళ్ళు వచ్చారు. నిజాం మీద పోరులో చనిపోయినవాళ్ళ పేర్లతో రోడ్డు పక్కన రాయి నిలబెడతారట. అడవిలోని దళానికి అన్నం, ఉత్తరాలు మోసింది అమ్మమ్మే కనుక అందరి పేర్లూ ఆమెకే తెలుసు. ఒక్కొక్కటే చెప్పుకొచ్చి, చివర "సోమి" అంది.

"గామె ఎవరక్కా?"

"కోయపిల్ల. పోలీసులు నా కోసం ఎతుకుతుంటె, నా చీర కట్టుకొని, నా ఇప్పపూల బుట్ట ఎత్తుకొని అవతలి దిక్కు ఉరికింది. నేను వాగు పొదలల్ల ఉత్తరం పట్టుకొని పండుకున్న. ఒక్కటే తుపాకి సప్పుడు ఇనొచ్చింది. మనిషి మల్ల దొరకలే."

"గామె సంఘంల లేదు గదక్కా."

"సంఘంల లేని పిల్ల సంఘం కోసం ఎట్ల సచ్చింది?"

వాళ్ళు పేర్ల కాగితం మడుచుకుని లేచారు. కొన్నాళ్ళకు రాయి లేచింది. అన్నీ మగవాళ్ళ పేర్లే. ప్రారంభానికి అమ్మమ్మ వెళ్ళలేదు. మర్నాడు ఎర్రమన్ను జాజు కలిపిన చిప్ప ఒక చేత, నన్ను ఒక చేత పట్టుకుని అక్కడికి నడిచింది. ఆమెకు చదువు రాదు.

"రాయవే బిడ్డా."

వేపపుల్ల నమిలి కుంచె చేసి, అడుగున ఎర్రగా 'సోమి' అని రాశాను. "నీ పేరు?" అన్నాను.

"నేను బతికొచ్చిన గద."

వానలకు ఆ పేరు కరిగిపోయేది. నేను ఖమ్మం హాస్టల్లో చేరాక కూడా చైత్రం రాగానే వెళ్ళి మళ్ళీ రాసేదాన్ని. నేను రాస్తున్నంతసేపూ ఆమె అడవి వైపు తిరిగి నిలబడేది. "సోమి కడియాల సప్పుడు ఇనబడ్తుందా?" అని మెల్లగా అడిగేది. నాకేమీ వినబడకపోయినా భయంతో "అవ్" అనేదాన్ని.

పదో తరగతి చదివే ఏడాది పరీక్షలని నేను వెళ్ళలేదు. అవి ముగిశాక పోయి చూస్తే, పేరుండే చోట ఎర్రటి అరచేతి ముద్ర. ఎండి, పగిలి ఉంది. అమ్మమ్మ గోళ్ళ సందుల్లో ఇంకా జాజు ఉంది. మరుసటి చైత్రానికి ఆమె లేదు.

ఇప్పుడక్కడ రోడ్డు వెడల్పు చేశారు. రాయి ఏమైందో చెప్పేవాళ్ళు లేరు. పోయిన వేసవిలో ఆ దారిన వెళ్తూ, తునికిపండ్లు అమ్ముతున్న ఒక కోయ ముసలమ్మ దగ్గర కారు ఆపి, సోమి అనే పిల్ల గురించి పెద్దవాళ్ళెవరైనా చెప్పుకునేవాళ్ళా అని అడిగాను. ఆమె పండ్లు ఆకు దొప్పలో పోసి నా చేతికిచ్చింది.

"మా దిక్కు ఇంటికో సోమి ఉంటది బిడ్డా. నీకు ఏ సోమి కావాలె?"

ఏ గూడెమో, ఎవరి బిడ్డో అమ్మమ్మను నేను ఎన్నడూ అడగలేదు.