ఎంగిలి ఎసిటోన్

మొన్న మా పాత డిపార్ట్‌మెంట్ నుంచి పిలుపు వస్తే వెళ్లాను. తార్నాక చౌరస్తాలో ఆటో దిగి, క్యాంపస్‌లోకి నడిచి, కెమిస్ట్రీ బిల్డింగ్ మెట్లెక్కుతుండగానే ఎసిటోన్ వాసన ముక్కుకు తగిలింది. గోళ్ల రంగు తుడుచుకునే మందు వాసన అంటే అందరికీ తెలుస్తుంది. తియ్యగా ఉంటుంది కానీ గొంతులో కాస్త గుచ్చుకుంటుంది. వరండా చివరి గదికి రిబ్బను కట్టారు. లోపల మెరిసే స్టీలు, గాజు గొట్టాలు. ప్రయోగాల్లో వాడేసిన ఎసిటోన్‌లాంటి ద్రావకాలను మరిగించి, ఆవిరిని చల్లార్చి, మళ్లీ వాడుకునేలా శుద్ధి చేసే యంత్రం అది. గోడ మీద పచ్చటి ఆకు బొమ్మ, పక్కన "పర్యావరణ హిత ప్రయోగశాల" అన్న పలక. ముఖ్య అతిథి మా అప్పటి హెడ్ గారు. రిటైరై చాలా కాలమైనా ఆయన గొంతు తగ్గలేదు. "ఈ ఆలోచనకు బీజం మా రోజుల్లోనే పడింది" అన్నారు మైకులో. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు లేవలేదు. తొంభైల్లో ఇదే గదిలో ఇదే పని ఒకావిడ ఒంటిచేత్తో చేసింది. ఆవిడ పేరు పలక మీద లేదు, మైకులోనూ వినపడలేదు.

ఆవిడ కరుణ మేడం, మా రీసెర్చ్ గైడ్. జనగామ దగ్గరి పల్లెలో పుట్టి, చర్చి వాళ్ల హాస్టల్లో చదువుకుని, మా డిపార్ట్‌మెంట్లో రీడర్ అయింది. పొట్టి మనిషి. నేత చీర కొంగు నడుముకు దోపి, పైన తెల్ల కోటు తొడుక్కుంటే కోటు పాదాల దాకా వచ్చేది. నేను మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చేదాన్ని. చేరిన మొదటి రోజే ఫ్లాస్కును ఎసిటోన్‌తో కడిగి సింకులో వంపేశాను. వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏం చేసినవ్ బిడ్డా?"

"పారబోసిన మేడం."

"యాడికి?"

"సింకులకు."

"సింకుల నుంచి యాడికి?"

"పైపులకు..." అని నీళ్లు నమిలాను. ఆవిడ నన్ను బిల్డింగ్ వెనక్కి తీసుకెళ్లింది. మా ల్యాబు పైపు ఒక కాలువలో పడుతుంది. కాలువ పక్కనే నడుస్తూ ప్రహరీ గోడ దాకా వెళ్లాం. కాలువ ఆ గోడ కింది నుంచి దూరి అవతలికి పోతోంది. గోడ కూలిన చోట నిలబడి చూస్తే, ఆ పక్కన రేకుల ఇళ్లు, కాలువ గట్టునే కూర్చుని ఒకామె అంట్లు తోముకుంటోంది. "గదీ, గాడికి పోయింది" అంది మేడం. తిట్టలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఆ రోజు నుంచి మా ల్యాబులో పారబోయడం అన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా వెంటనే "యాడికి?" అని వినపడేది. జవాబు చెప్పలేని వాళ్లు సీసా పట్టుకుని అలాగే నిలబడాల్సి వచ్చేది.

వరండా చివరి ఆ గది అప్పట్లో ఎవరికీ పట్టని కొట్టు. ఆవిడే దులిపించి, అందులో డిస్టిలేషన్ సెట్టు పెట్టుకుంది. అన్ని ల్యాబుల నుంచి వాడేసిన ఎసిటోన్ తెమ్మని అడిగేది. కొందరు ఇచ్చేవారు, ఎక్కువమంది నవ్వేవారు. డిస్టిలేషన్‌లో మరిగిన ఆవిరి చల్లారాలంటే కండెన్సర్ అనే గాజు గొట్టం చుట్టూ చల్లటి నీళ్లు తిరుగుతుండాలి. అందరి ల్యాబుల్లో ఆ నీళ్లు నల్లా నుంచి వచ్చి, గొట్టంలో తిరిగి, మురికి కూడా అంటకుండానే తిన్నగా సింకులోకి పోయేవి, పొద్దస్తమానం. ఆవిడ పాత సామాన్ల కొట్లో ఒక కూలర్ మోటరు కొనుక్కొచ్చింది. ఎండాకాలం మన ఇళ్లలో గడ్డి కూలర్లకు నీళ్లు ఎక్కించే చిన్న మోటరే. బకెట్లో నీళ్లు, ఐసు ముక్కలు వేసి, మోటరు అందులో ముంచి, గొట్టం కండెన్సర్‌కు తగిలించింది. అవే నీళ్లు వెళ్తాయి, అవే తిరిగి బకెట్లోకి వస్తాయి. ఆ మోటరు రోజంతా గుర్రుమంటూనే ఉండేది. ఆ చప్పుడు వినపడితే మేడం లోపల ఉన్నట్టే లెక్క.

ఒక వేసవిలో థీసిస్ అధ్యాయం చూపించడానికి తార్నాకలో వాళ్లింటికి వెళ్లాను. మూడో గల్లీలో రెండు గదుల పోర్షన్. అప్పుడే ట్యాంకర్ వచ్చినట్టుంది, గల్లీ మొత్తం బిందెలతో రోడ్డు మీద ఉంది. మా మేడం కూడా ఆ వరసలో నిలబడి ఎవరితోనో గొడవ పడుతోంది. నన్ను చూసి సిగ్గుపడలేదు, ఒక బిందె నా చేతికిచ్చింది. ఇంట్లోకి వచ్చాక కూరగాయలు కడిగిన నీళ్లు కరివేపాకు, మల్లె కుండీల్లో పోస్తూ అంది: "గీడ బిందె నీళ్లకు జుట్లు పట్టుకుంటున్నరు. గాడ మనోళ్లు నల్లా ఇడిసిపెట్టి చాయ్ తాగపోతరు. పెద్ద సైంటిస్టులం మనం." నాకు ఆ రోజు అధ్యాయం కన్నా ఆ మాటే బాగా ఎక్కింది.

ఎంగిలి అన్న మాట మొదట అన్నది హెడ్ గారే. స్టాఫ్ రూములో అందరూ చాయ్ తాగుతుండగా కరుణ మేడం శుద్ధి చేసిన ఎసిటోన్ సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. వాచ్ గ్లాస్ అనే చిన్న గాజు పళ్లెం మీద ఒక చుక్క వేసి ఆరనిచ్చింది. "చూడున్రి సార్, మరక లేదు. బాయిలింగ్ పాయింట్ కూడా సరిగ్గ ఉన్నది. సామాన్లు కడిగేటందుకు గిదే వాడుకోవచ్చు." హెడ్ గారు వంగి చూసి, నవ్వి, "అంతా బాగానే ఉందమ్మా, కానీ ఒకరు వాడేసింది కదా! ఎంగిలి ఎసిటోన్" అన్నారు. గదంతా గొల్లుమంది. ఆ రోజుతో ఆ పేరు స్థిరపడిపోయింది. కొత్తగా చేరిన స్కాలర్లకు కూడా ముందు అదే నేర్పేవారు: పై అరలో ఉన్నది మంచి ఎసిటోన్, కింది అరలో ఉన్నది ఎంగిలి ఎసిటోన్. నేల మీద దొరికే ఏ పదార్థమైనా ఎన్ని చేతులు మారి వచ్చిందో తెలిసిన కెమిస్టులే ఆ మాట అంటూ నవ్వుకున్నారు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ మాట నవ్వుతో ఆగలేదు. పక్క ల్యాబులో సుధాకర్ అనే స్కాలర్ చేస్తున్న ప్రయోగం చెడింది. నెలల తరబడి పడ్డ కష్టం. అతని గైడు హెడ్ గారే. ఎంగిలి ఎసిటోన్‌తో గాజు సామాను కడగడం వల్లే అని తేల్చారు, మీటింగ్ పెట్టారు. ఆ గది ఉండాలా, తీసేయాలా అన్నదే సంగతి. మేడం సుధాకర్ ల్యాబు అలమారలో కింది అరలోని సీసా తీసుకుని వచ్చింది. తను సీసా ఇచ్చేటప్పుడు మూతకు దారం చుట్టి లక్క వేసేది.

"దారం చూడున్రి సార్. నేనెట్ల కట్టిన్నో అట్లనే ఉన్నది. సుధాకర్ గీ సీసా తెరవనే లేదు."

సుధాకర్ తల దించుకుని, "నేను దాన్ని ముట్టుకోలేదు సార్, కొత్తదే వాడిన" అన్నాడు. ఇక్కడితో అయిపోవాలి కదా. హెడ్ గారు మహా గంభీరంగా అన్నారు: "తెరవకపోవచ్చు. కానీ రెండూ ఒకే అలమారలో పెట్టారు కదా."

ఎవరూ నవ్వలేదు. అదే నాకు భయం కలిగించింది. డాక్టరేట్లు చేసినవాళ్లు, మూత బిగించిన సీసా పక్కనున్న సీసాను మైలపరుస్తుందంటే తలలూపుతూ కూర్చున్నారు. నేను ఏదో అనబోతే మేడం బల్ల కింద నా చెయ్యి నొక్కింది.

ఆ సాయంత్రం తార్నాక చౌరస్తాలో హోటల్‌కు తీసుకెళ్లి చాయ్ ఇప్పించింది. నేను కోపంతో ఊగిపోతున్నాను. ఆవిడ సాసర్‌లో చాయ్ వంపుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "ఆ మాట నాకు కొత్త కాదు బిడ్డా. మా ఊరి హోటల్ల మా అమ్మకు వేరే గ్లాసు ఉండేది. సూరుల చెక్కిపెట్టేటోళ్లు. తాగినంక ఆమెనే కడిగి, మళ్ల ఆడనే పెట్టాలె. ఎంత కడిగినా గది ఎంగిలి గ్లాసే. వాళ్లు ఎసిటోన్‌ను అంటలేరు, నన్ను అంటున్నరు. నాకు తెల్వదా?"

"మరి ఎందుకు ఊరుకుంటున్నరు మేడం?"

"ఊకుంటే గది ఉంటది. కొట్లాడితే గది పోతది. నాకు గది కావాలె."

గది కోసం అంత మింగింది. అయినా గది దక్కలేదు. డిపార్ట్‌మెంట్‌ను చూడటానికి బయటి నుంచి కమిటీ వస్తోందన్నారు. మేడం ఎం.ఎస్సీ. క్లాసులో ఉండగా హెడ్ గారు అటెండర్లను పంపి గది శుభ్రం చేయించారు. క్లాసు ముగించుకుని మేడం, ఆవిడకు సాయంగా వెళ్లిన నేను వచ్చేసరికి వరండా అంతా ఎసిటోన్ వాసన, కళ్లు మండుతున్నాయి. ఆవిడ ఏడాది పొడుగునా మరిగించి దాచిన సీసాలన్నీ సింకు పక్కన బోర్లించి ఉన్నాయి. వాసన పోవడానికి నల్లా పూర్తిగా విప్పి వదిలేశారు. హెడ్ గారు ముక్కుకు రుమాలు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"కమిటీ వాళ్లు చూస్తే బాగుండదమ్మా. అందుకే పారబోయించాను."

"యాడికి?" అంది మేడం.

ఆయనకు అర్థం కాలేదు. "సింకులోకే. ఇంకెక్కడికి?"

ఆవిడ వెళ్లి నల్లా కట్టేసింది. బకెట్లోంచి కూలర్ మోటరు తీసి, కొంగుతో తుడిచి, సంచిలో పెట్టుకుంది. బకెట్లోని నీళ్లు మోసుకెళ్లి బయట వేపమొక్క మొదట్లో పోసింది. ఆవిడ ఏడవలేదు. నేను ఏడ్చాను. కమిటీ వచ్చి, సమోసాలు తిని, శుభ్రతను మెచ్చుకుని వెళ్లింది. గదిలో విరిగిన కుర్చీలు చేరాయి.

ఆ తర్వాత ఆవిడ మా ఒక్క ల్యాబు వరకే ఆ పని చేసుకుంది. ప్రొఫెసర్ కాకుండానే, రీడర్‌గానే రిటైరైంది. చనిపోయినప్పుడు చర్చిలో ప్రార్థనకు వెళ్లాను. డిపార్ట్‌మెంట్ నుంచి ఒక్కరూ రాలేదు. నేను ఇప్పుడు ఒక మందుల కంపెనీలో ద్రావకాల శుద్ధి విభాగం చూస్తున్నాను. నాకు అన్నం పెడుతున్నది ఆవిడ నేర్పిన పనే. మా ఇంట్లో ఎంగిలి అన్న మాట వాడను, మా అమ్మాయి సగం తాగి ఇచ్చిన గ్లాసులో నీళ్లు అలాగే తాగేస్తాను. కానీ ఆవిడ ఓర్పు నాకు రాలేదు. రావాలని కూడా నేను కోరుకోలేదు.

రిబ్బను కత్తిరించాక చాయ్ ఇచ్చారు. హెడ్ గారు నన్ను గుర్తుపట్టారు. "కరుణ స్టూడెంటువి కదూ?" అన్నారు. అంటే పేరు మరచిపోలేదన్నమాట.

"పలక మీద ఆవిడ పేరు లేదేం సార్?"

"ఆమె ఏదో బకెట్టూ మోటరూ పెట్టుకునేది. దీనికీ దానికీ పోలికేంటమ్మా?"

"మీరు దాన్ని ఎంగిలి అనేవారు."

ఆయన నవ్వారు. చుట్టూ ఉన్న పిల్లలు కూడా, ఎందుకో తెలియకపోయినా, నవ్వారు. "సరదాకన్న మాటలు. ఎప్పటివో. ఇంకా మోసుకు తిరుగుతున్నావా? అలాంటివన్నీ మనసులోంచి పారబోసేయాలమ్మా" అన్నారు.

"యాడికి సార్?" అన్నాను.

ఈసారి ఆయనకు అర్థమైంది.