వెలుగు పడని చెంప

మా ఆయన ఇప్పటికీ రీలు కెమెరాతోనే ఫోటోలు తీస్తారు. ఎవరినీ నవ్వమనరు, ఇటు చూడమనరు. ఎవరి పనిలో వాళ్లుండగా ఓ మూల నిలబడి టక్కున నొక్కేస్తారు. నోట్లో నాలుక లేని మనిషికి ఆ పద్ధతి బాగానే కుదిరింది. కాకపోతే రీలు కడిగేదాకా ఫోటో ఎలా వచ్చిందో తెలియదు. అందాకా ఆయన నిద్రపోరు, నన్ను పోనివ్వరు.

ఆయన అక్క, అంటే మా వదిన, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కుడి దవడ కింద రెండేళ్లుగా గడ్డ. ఎవరి కంటా పడకూడదని మిషను కిటికీ పక్కకు జరిపించుకుంది. ఎడమ చెంప వెలుగులో, కుడి చెంప చీకట్లో ఉండేలా కూర్చునేది. డాక్టరుకు చూపించుకోమంటే, "పంటిపోటులే అమ్మాయ్" అని నా నోరు మూయించేది. నేనూ మూసుకున్నాను, నా బుద్ధి గడ్డి తిని! చివరికి ముద్ద మింగుడుపడక వెళ్తే, దవడ ఎముక సగం తీసెయ్యాలన్నారు. ప్రాణానికి భయం లేదట. మొహం మాత్రం ఇలా ఉండదట.

ఆపరేషన్ ముందురోజు పొద్దున్నే కెమెరా పట్టుకుని ఇద్దరం వెళ్లాం. తీరా చూస్తే కంగారులో కొత్త రీలు బదులు ఖాళీ డబ్బా సంచిలో వేసుకొచ్చారు ఈ మహానుభావుడు. కెమెరాలో మిగిలింది ఒక్క ఫోటో.

వదిన కుడుతోంది. కిటికీ వైపు కళ్లు చెదిరే ఎండ, ఇటు చెంప మీద కటిక చీకటి. ఆయన నన్ను వంటింట్లోకి లాగి గొణిగారు.

"ఎండకి సరిపెడితే ఆ పక్క నల్లగా పోతుంది. గడ్డ కనపడదు. అక్కకి కావల్సింది అదే."

"మరి మీకు?"

ఆయన సంచిలోంచి మీటరు తీశారు. గదిలోకి వెళ్లి, చీకటి మూలలో అరచెయ్యి చాపి, దాని మీద మీటరు పెట్టి వెలుగు కొలిచారు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాత్రం నాకూ తెలుసు. ఆ కొలత నీడకోసం. ఎండ ఎక్కువైతే ఫిల్ము ఓర్చుకుంటుంది, నీడలో అందని వెలుగును ఎక్కణ్ణుంచి తెస్తుంది? కానీ అంత నీడలో షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉండాలి, చెయ్యి వణికితే అంతా అలికినట్టు అయిపోతుంది. అందుకే ఆయన మోచేతులు బీరువాకు ఆనించి ఊపిరి బిగబట్టారు. నేనూ బిగబట్టాను. వదిన దారం కొరకబోయి, నొప్పికి ఆగి, కళ్లు మూసుకుంది. అప్పుడు నొక్కారు.

"తీశావా? ఆ పక్క కనపడకుండా తీశావు కదరా?"

"ఊఁ" అన్నారు. మా ఆయన అక్కతో అబద్ధమాడటం నేను చూడటం అదే మొదటిసారి.

మూడు వారాల తర్వాత వదిన ఇంటికొచ్చింది. దవడ లోపలికి పోయింది, మాట ముద్దగా వస్తోంది. రాగానే ఫోటో అడిగింది. ముళ్ల మీద కూర్చున్నట్టుంది మాకు. ఫోటోలో కిటికీ తెల్లగా వెలిసిపోయింది కానీ, మొహం మొత్తం దక్కింది, గడ్డతో సహా. వదిన దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఎంతసేపు చూసిందో. చింపేస్తుందనుకున్నాను.

"అక్కా, కోప్పడకు..." అని మొదలుపెట్టారాయన.

వదిన వినలేదు. ఫోటో నా వైపు తిప్పి, గడ్డ మీద వేలు పెట్టింది.

"ఇంతేనా అమ్మాయ్? ఇంత చిన్నదాన్ని దాచుకోడానికా నేను మొహం పోగొట్టుకుంది?"