పరివృత్త కేంద్రంలో బోరు

మా ఊళ్లో నా పేరు ఎత్తితే ఇప్పటికీ ముందు తాడు గుర్తొస్తుంది, తర్వాత బోరు బండి గుర్తొస్తుంది, ఆ తర్వాత నవ్వు ఆగదు. మిమ్మల్ని మాత్రం నవ్వకండని ఏ ముఖం పెట్టుకొని అడగను?

ఉదయగిరి దగ్గర మా ఊళ్లో పెదనాయన, నాయన, చిన్నాయన ఇళ్లు రోడ్డు పక్కన ఒకే వరసలో ఉంటాయి. ముగ్గురూ కలిసి ఒక బోరు వేయించుకుందామనుకున్నారు. టెంకాయ పట్టుకొని పాయింటు చూసే ఆయన వచ్చి, మూడిళ్లలోనూ భోంచేసి, మూడు వాకిళ్లలోనూ నీళ్లున్నాయని చెప్పి చక్కా పోయాడు. ఇక చూడండి! నా వాకిట్లో అంటే నా వాకిట్లో అని ముగ్గురూ మాటలు మానేశారు. చిన్నప్పటి నుంచి ఎవరింట్లో కూర బాగుంటే ఆ ఇంట్లో తిన్న నాకు ఏడుపొచ్చేది.

బోరు బండి రానే వచ్చింది. మధ్యాహ్నంలోగా చోటు చూపించకపోతే వరికుంటపాడు పోతామన్నాడు డ్రైవరు. నేనా, ఆత్మకూరులో బీఎడ్ ముగించి అప్పుడే దిగాను. అల్పురాలికి బీఎడ్ వస్తే మిట్టమధ్యాహ్నం తాడు పట్టమందట.

"ముగ్గురికీ ఒకటే దూరంలో వేయిస్తే ఒప్పుకుంటారా?" అన్నాను.

"అట్టాంటి చోటు ఉండాదా మ్మే?" అన్నాడు పెదనాయన.

"లేకేం! మూడిళ్లూ ఒక త్రిభుజం. రెండిళ్ల మధ్య సరిగ్గా సగంలో లంబం గీస్తే, ఆ గీత మీద ఎక్కడ నిలబడినా ఆ రెండిళ్లకూ ఒకటే దూరం. ఇంకో రెండిళ్ల మధ్య ఇంకో గీత. రెండూ కలిసే చోటు ముగ్గురికీ సమానం. పరివృత్త కేంద్రం అంటారు."

"ఆడ నీళ్లు పడతాయా?" అన్నాడు చిన్నాయన.

"ముందు న్యాయం, తర్వాత నీళ్లు!"

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ చెంపలేసుకుంటుంటాను. కాగితం మీద పుస్తకంలో ఉన్నట్టే ముద్దొచ్చే త్రిభుజం గీశాను. కేంద్రం నడిమధ్యలో బుద్ధిగా కూర్చుంది. ముగ్గురూ తలూపారు.

మా ఇళ్ల త్రిభుజం అలాంటిది కాదు. మూడూ దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి, నడిమిదైన మా ఇల్లు నాలుగడుగులు వెనక్కి ఉందంతే. అలా సాగిలపడ్డ త్రిభుజానికి కేంద్రం లోపల నిలవదు, ఊరు దాటి పారిపోతుంది. పరీక్షలో ఈ ముక్క రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను సుమండీ.

తాళ్లు పట్టారు, ముగ్గుపిండి పోశారు. గీతలు రెండూ రోడ్డు దాటాయి.

"ఇంకెంత దూరం మ్మే?"

"కలుస్తాయి పెదనాయనా, కలుస్తాయి!"

కంది చేను దాటాయి. చిల్లకంప దాటాయి, ముళ్లకు నా చున్నీ చిరిగింది. వెనక బోరు బండి హారన్ మోగుతోంది. ఎట్టకేలకు గీతలు కలిశాయి. తలెత్తి చూశాను.

"ఏందిది?" అన్నాడు చిన్నాయన.

"ప... పరివృత్త కేంద్రం."

"మేం దీన్ని వల్లకాడంటాం."

నాయన చూసిన చూపుకు అక్కడే ఏ గుంటలోనైనా పడుకుందామనిపించింది. ఇక ఈ ముగ్గురినీ జన్మలో కలపలేననుకున్నాను.

పెదనాయన మాత్రం తాడు కింద పడేసి నింపాదిగా అడిగాడు. "ముగ్గురికీ ఒకటే దూరమా మ్మే?"

"ఒక్క అడుగు కూడా తేడా లేదు పెదనాయనా," అన్నాను ఏడుపు గొంతుతో.

"లెక్క సరిగ్గానే చేసినావులే. ముగ్గురం రావాల్సింది ఈడికే గదా!"

ముందు చిన్నాయన నవ్వాడు, తర్వాత నాయన. కడుపులు పట్టుకొని, సమాధుల మధ్య, ముగ్గురూ! పెదనాయన కళ్లు తుడుచుకొని చిన్నాయన భుజం మీద చెయ్యేశాడు. "నీ పెళ్లానికి మోకాళ్ల నొప్పులు, బిందెలు మొయ్యలేదు. నీ వాకిట్లోనే వేయిద్దాం, పద రా."

హమ్మయ్య! ఆ ఒక్క 'రా'తో నా ప్రాణం లేచొచ్చింది. బండి కదలకముందే అందరం పరిగెత్తాం. సాయంత్రానికి నీళ్లు పడ్డాయి, ముగ్గురూ ఒకే చెంబుతో తాగారు.

ఆనాడు ఆ చెంబు మీద ఒట్టేశాను. ఆ కేంద్రానికి ఇక నా కాళ్లతో నేను నడిచి వెళ్లను. నలుగురు మోసుకెళితేనే వెళ్తాను.